పసుపు విత్తే ముందు ఒక లెక్క

తొలకరి పడింది. ఆర్మూరు, బాల్కొండ, మెట్‌పల్లి వైపు విత్తన దుంపల బేరాలు మొదలయ్యాయి. దుగ్గిరాల చుట్టుపక్కల లంకల్లో దుక్కులు అవుతున్నాయి. ఇప్పుడు ఏ ఊరి సంఘ సమావేశానికి వెళ్ళినా అడిగే ప్రశ్న ఒకటే: ఈ ఏడు పసుపు వేద్దామా, వద్దా? వేస్తే ఎన్ని ఎకరాలు?

ఆ ప్రశ్నకు ఈ సంపాదకీయంలో అవునని గానీ కాదని గానీ జవాబు దొరకదు. భూమి ఎవరిదో, నీళ్ళు ఎన్నో, చేతిలో పెట్టుబడి ఎంతో తెలియకుండా అలా చెప్పేవాళ్ళను నమ్మకండి. విత్తే ముందు ఏ లెక్క వేసుకోవాలో, ప్రభుత్వాలు వేయకుండా వదిలేసిన లెక్క ఏదో మాత్రం ఇక్కడ రాస్తున్నాం.

ముందు ధర సంగతి. 2010-11లో క్వింటాలు 15 వేలు దాటింది. అది చూసి మొక్కజొన్న, చెరకు తీసేసి పసుపు వేశారు. ఏడాది తిరిగేసరికి నాలుగు వేలకు పడింది. 2018 నుంచి 2020 దాకా ఐదారు వేల దగ్గరే కుంటింది. అప్పుడు విసిగిన రైతు పసుపు తగ్గించాడు. కేంద్రం చెప్పిన అంకెలే చూడండి: దేశంలో 2022-23లో 3.24 లక్షల హెక్టార్లలో పసుపు ఉంటే 2023-24లో 3.05 లక్షల హెక్టార్లకు తగ్గింది. దిగుబడి 11.61 లక్షల టన్నుల నుంచి 10.74 లక్షల టన్నులకు దిగింది. 2024లో యార్డుల్లో మేలు రకం కొమ్ము మళ్ళీ 15 వేల పైన పలికిందంటే కారణం ఎవరి దయా కాదు, సరుకు తగ్గింది. మనం వేయనప్పుడు ధర ఉంటుంది, వేసినప్పుడు ఉండదు. తొమ్మిది నెలల పంటకు ఇది మరీ ప్రమాదం. జూన్‌లో చూసిన ధరను నమ్మి విత్తితే, మార్చిలో కనిపించే ధర వేరు.

ఈ ప్రమాదం పసుపులోనే ఎందుకు ఎక్కువో అర్థం కావాలంటే మొక్క స్వభావం దగ్గరికి వెళ్ళాలి. పసుపు పూసే మొక్కే. వానాకాలం చివర ఆకుల నడుమ నుంచి కంకి లేస్తుంది. లేత ఆకుపచ్చ, తెలుపు రేకుల మధ్య చిన్న పసుపుపచ్చని పూలు. అందమైన పువ్వే గానీ రైతు దానివైపు కన్నెత్తి చూడడు, ఎందుకంటే అది గింజ కట్టదు. మనం సాగు చేసే పసుపులో క్రోమోజోములు మూడు వరుసలుగా ఉంటాయి, జత కుదరదు, అందువల్ల విత్తనం నిలవదు. ఎన్నో తరాలుగా దుంపనే విరిచి నాటుతూ వస్తున్నాం.

దాని ఫలితం నేరుగా రైతు జేబు మీద పడుతుంది. వరికి విత్తనం కిలోల్లో లెక్క. పసుపుకు ఎకరాకు 8 నుంచి 10 క్వింటాళ్ళ పచ్చి దుంప కావాలి. తినే సరుకే విత్తనం, అమ్మే సరుకే విత్తనం. ధర బాగున్న ఏడాది విత్తనం ధర కూడా ఆకాశంలో ఉంటుంది. అంటే ధర చూసి ఆశపడి కొత్తగా పసుపులోకి వచ్చే చిన్న రైతు అత్యంత ఖరీదైన విత్తనంతో పంట మొదలుపెడతాడు, ధర పడ్డాక అమ్ముకుంటాడు. పాత రైతు ఇంటి దుంప దాచుకుంటాడు కాబట్టి కొంత తట్టుకుంటాడు. నష్టం మొదట తగిలేది కొత్తవాడికి, కౌలుదారుకు.

రెండో ఫలితం ఇంకా చెడ్డది. దుంపతో పాటు దుంపకుళ్ళు కూడా వస్తుంది. నిరుడు కుళ్ళు తగిలిన చేనులోంచి తెచ్చిన విత్తనం పైకి ఎంత బాగున్నా ఆగస్టులో వానలు పట్టుకున్నాక గుట్టు బయటపెడుతుంది. కింది ఆకుల అంచులు పసుపు రంగుకు తిరుగుతాయి, మొక్కను లాగితే చేతికి వచ్చేస్తుంది, దుంప మెత్తబడి వాసన కొడుతుంది. అప్పుడు మందుల దుకాణానికి పరుగెత్తడం దండగ. తెగులు పట్టిన గుంటలను తీసేసి, చుట్టూ మందు నీళ్ళు పోసి, మిగతా చేను కాపాడుకోవడం తప్ప చేయగలిగేది పెద్దగా ఉండదు. కనుక విత్తనం ఎక్కడిదని అడగడం ధర ఎంతని అడగడం కంటే ముఖ్యం. వీలైతే నవంబరు, డిసెంబరులోనే అమ్మేవాడి చేను చూసి రావాలి. ఈసారికి ఆ గడువు దాటింది. వచ్చే ఏటికైనా గుర్తుంచుకోండి.

విత్తనాన్ని లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ కలిపిన ద్రావణంలో అరగంటకు పైగా నానబెట్టి, నీడలో ఆరబెట్టి నాటాలి. ట్రైకోడెర్మా వాడేవారు ఒక సంగతి మరువకూడదు: అది కూడా బూజే, బ్రతికి ఉన్న బూజు. బూజు మందులో ముంచిన దుంపకు అదే రోజు ట్రైకోడెర్మా పట్టిస్తే రెండింటి డబ్బూ పోయినట్టే. దానికి మంచి దారి చేనులో వేయడం. 90 కిలోల చివికిన పశువుల ఎరువులో 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీళ్ళు చిలకరించి, గోనె కప్పి వారం పది రోజులు నీడలో ఉంచి, తేమ ఉన్న సాళ్ళలో చల్లుకోవాలి. ఇది ఎకరా లెక్క. ఖర్చు తక్కువ, ఫలితం ఖాయంగా కనిపిస్తున్న పని.

ఇక విత్తనం ఖర్చు తగ్గించే మార్గం ఒకటుంది, దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. సాలుకు సాలుకు 45 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 20 సెంటీమీటర్లు పెడితే ఎకరాకు దాదాపు 45 వేల మొక్కలు. ఒక్కో దుంప ముక్క 20, 22 గ్రాములు ఉంటే దగ్గర దగ్గర 10 క్వింటాళ్ళు అవుతుంది. అదే ఒక కన్ను మాత్రమే ఉన్న 7 గ్రాముల ముక్కను కోసి, ప్రోట్రేలలో కొబ్బరిపొట్టు, వర్మికంపోస్టు నింపి, నీడలో నెల, నెలన్నర పెంచి, ఆ మొక్కను చేనులో నాటితే మూడు క్వింటాళ్ళ చిల్లర సరిపోతుంది. మొలవనివి, కుళ్ళినవి ట్రేలోనే తేలిపోతాయి. చేనులో సందులుండవు. నారు పెరుగుతున్న నెల రోజులూ చేను ఖాళీగా ఉంటుంది కాబట్టి జీలుగో జనుమో వేసి కలియదున్నుకోవచ్చు.

అయితే రైతులు ఎందుకు చేయడం లేదు? ట్రేలు కొనాలి, నీడ వలల పందిరి కావాలి, ముక్కలు కోయడానికి కూలీలు కావాలి. రెండెకరాల రైతు ఒక్కడే చేస్తే గిట్టదు. ఊరికో మండలానికో ఒక నర్సరీ ఉంటే గిడుతుంది. సహకార సంఘాలు, మహిళా సంఘాలు ఆ పని చేయగలవు, చేతిలో పెట్టుబడి పెడితే. ప్రభుత్వం పసుపు రైతుకు ఈ ఒక్క మేలు చేసినా మొదటి ఏడాదే లెక్క మారుతుంది. వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల కరపత్రాల్లో ఈ పద్ధతి ఎన్నేళ్ళ నుంచో ఉంది. కరపత్రం చేనులో మొలవదు కదా.

నేల విషయానికొస్తే నీరు ఇంకిపోయే ఎర్ర నేలలు, ఒండ్రు నేలలు, మంచి మురుగు పోయే నల్లరేగళ్ళు పనికొస్తాయి. చౌడు, నీళ్ళు నిలిచే పల్లపు మడి వద్దు. పసుపు మీద పసుపు వేయవద్దు, అల్లం వేసిన చోటా వద్దు. బోదెల మీద నాటినా, ఎత్తు మడులు చేసి డ్రిప్ పరిచినా వాన నీరు నిలవకుండా పోవడమే అసలు సూత్రం. ఎకరాకు 10 టన్నుల పశువుల ఎరువు అని పుస్తకాల్లో ఉంటుంది. పశువులే లేని ఊళ్ళలో ఆ మాట రాయడానికి మాకూ సంకోచంగానే ఉంది. పచ్చిరొట్ట, చెరువు మట్టి, వేపపిండితో పూడ్చుకోగలిగినంత పూడ్చుకోండి. నలభై రోజులప్పుడు వేపపిండి వేస్తే దుంప ఈగ బెడద కొంత తగ్గుతుంది. పొటాష్ తగ్గించి యూరియా కుమ్మరిస్తే ఆకు ఏపుగా వస్తుంది, దుంప ఊరదు. ఆకుమచ్చ ఎక్కువయ్యేది కూడా అలాంటి చేలలోనే.

నిజామాబాద్ వైపు పసుపులో మొక్కజొన్న అంతరపంటగా వేయడం వాడుక. దుగ్గిరాల వైపు కంద ఉంది. మొక్కజొన్న మరీ దగ్గరగా వేసి పసుపును నీడలో ముంచేయకపోతే చేతికి నాలుగు నెలలకే కొంత డబ్బు వస్తుంది. తొమ్మిది నెలలు రాబడి లేకుండా వడ్డీ కట్టే రైతుకు ఆ డబ్బే ఊపిరి. ధర పడినప్పుడు అంతరపంట వేసినవాడు నిలబడ్డాడు, వేయనివాడు కూలిపోయాడు. పసుపు ఒక్కటే నమ్ముకోవద్దని మేం చెప్పడానికి ఇది ముఖ్య కారణం.

రకాల్లో దుగ్గిరాల, ఆర్మూరు, మైదుకూరు, టేకూరుపేట లాంటివి తొమ్మిది నెలలవి. కోజికోడ్ పరిశోధన సంస్థ ఇచ్చిన ప్రగతి ఆరు నెలల్లో వస్తుంది, నీళ్ళు చాలని చోట అది ఆలోచించదగ్గది. ప్రతిభలో కుర్కుమిన్ ఎక్కువ. మన నాటు రకాల్లో ఆ రంగు పదార్థం ఎక్కువగా 2 నుంచి 4 శాతం మధ్య ఉంటే, మేఘాలయ లకడాంగ్ పసుపులో 7 శాతం దాకా ఉంటుంది. మందుల కంపెనీలకు కావలసింది అదే. మరి మన యార్డులో కుర్కుమిన్ కొలిచి ధర కట్టే ఏర్పాటు ఉందా? కొమ్ము పొడవు, మెరుపు, విరిస్తే వచ్చే చప్పుడు చూసి ధర కడతారు. ఎక్కువ కుర్కుమిన్ రకం వేసిన రైతుకు ఆ శ్రమ ఫలితం యార్డు గేటు దగ్గరే ఆగిపోతుంది. గేటు దాటాక అదే శాతం సంచి మీద అచ్చు వేసి అమ్ముకునేది వేరేవాళ్ళు.

తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, ఈ మూడింటిలో చాలా డబ్బు పోతుంది, పోగొట్టుకుంటున్నాం కూడా. తవ్విన దుంపను రెండు మూడు రోజుల్లో ఉడికించాలి. ఈనెపుల్ల గుచ్చితే తేలిగ్గా దిగేదాకా ఉడికితే చాలు. మించితే రంగు చెడుతుంది, తగ్గితే లోపల పిండి మిగిలి ఎండాక పెళుసవుతుంది, పురుగు పడుతుంది. మండ, కొమ్ము విడదీసి వేరువేరుగా ఉడికించాలి, ఎందుకంటే లావు మండకు పట్టే సమయం సన్న కొమ్ముకు అక్కర్లేదు. కొమ్ములు విరిచే ఆ పనంతా ఆడకూలీల చేతుల మీద నడుస్తుంది. ఎండాకాలం కల్లంలో రోజంతా వంగి పనిచేసే వాళ్ళ కూలీని 'ఇతర ఖర్చులు' అని ఒక్క ముక్కలో తేల్చేసే అధికారిక లెక్కలు మాకు ఎప్పుడూ నమ్మబుద్ధి కాలేదు.

ఇనప కళాయిల్లో ఉడికించే రోజులు పోయి ఆవిరి బాయిలర్లు వచ్చాయి. సమయం, కట్టెలు మిగులుతున్నాయి. బాయిలర్ ఉన్నవాడు ఒకడే అయితే ఊరంతా వాడి వంతు కోసం కాచుకోవాలి, అంతలో దుంప వాడుతుంది. తరువాత పది పదిహేను రోజుల ఎండ. మట్టి నేల మీద ఆరబోస్తే ఇసుక, బూజు, దాంతో ధర కోత. సిమెంటు కల్లం, టార్పాలిన్లు, అకాల వాన వస్తే కప్పే ఏర్పాటు ఉండాలి. పచ్చిది 100 కిలోలు ఎండితే 20 కిలోల అటూ ఇటూ అవుతుంది. తేమ 10 శాతానికి దిగిన సరుకు నిలవ ఉంటుంది, అమ్మకానికి తొందరపడనక్కర్లేదు. కానీ నిలవ ఉంచుకోవాలంటే గిడ్డంగి కావాలి, గిడ్డంగి రసీదు మీద అప్పు పుట్టాలి. ఆ అప్పు వడ్డీ వ్యాపారి దగ్గర కాక బ్యాంకులో పుట్టాలి. పంట పెట్టుబడికి అప్పిచ్చినవాడే కాంటా వేసేవాడైతే, 'మంచి ధర వచ్చేదాకా ఆగండి' అనే సలహాకు అర్థం లేదు.

కల్తీ మాట కూడా రైతు సమస్యే. పసుపు కొమ్ముకు మెరుపు రావడానికి సీసపు క్రోమేట్ పూసే దుర్మార్గం ఉపఖండమంతటా ఉంది. అది పిల్లల మెదడును దెబ్బతీసే విషం. బంగ్లాదేశ్‌లో 2019లో బజారు నమూనాల్లో 47 శాతంలో సీసం కనిపించింది. అక్కడి ప్రభుత్వం, పరిశోధకులు కలిసి మిల్లుల మీద తనిఖీలు, జరిమానాలు, ప్రచారం పెట్టాక 2021 నాటికి ఒక్క నమూనాలో కూడా దొరకలేదు. రెండేళ్ళలో. పక్క దేశం చేసిన పని మన దగ్గర కాకపోవడానికి సాంకేతిక కారణం ఏదీ లేదు. రంగు పూసిన నాసిరకం సరుకు మెరిసిపోతుంటే, ఏ పూతా లేని మన కొమ్ము వెలవెలబోయి తక్కువ ధరకు పోతుంది. ఎగుమతి ఓడ వెనక్కి వస్తే ఆ నష్టం కూడా చివరకు రైతు ధరలోనే కోస్తారు.

ఎగుమతుల లెక్క ఒకసారి చూడండి. 2023-24లో మన దేశం నుంచి 1.62 లక్షల టన్నుల పసుపు, పసుపు ఉత్పత్తులు 22.65 కోట్ల డాలర్లకు వెళ్ళాయి. భాగిస్తే కిలోకు డాలరున్నర కూడా రాలేదు. ప్రపంచ పంటలో మూడు వంతులకు పైగా మనదే అంటూ గర్వపడుతున్నాం, కానీ అమ్ముతున్నది చాలావరకు ముడి కొమ్ము, పొడి. 2030 నాటికి 100 కోట్ల డాలర్ల ఎగుమతులు లక్ష్యమని కేంద్రం చెబుతోంది. మంచిదే. ఆ నాలుగు రెట్లలో రైతుకు ఎంత అన్న అంకె మాత్రం ఏ ప్రకటనలోనూ లేదు.

పసుపు బోర్డు ఊరికే రాలేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది పోటీలో నిలిచారు, వారిలో 178 మంది రైతులు. గెలిచినా గెలవకపోయినా దేశమంతా పసుపు రైతు వైపు తిరిగి చూసింది. బాండు పేపర్ల మీద హామీలు రాసిచ్చిన నాయకులను కూడా ఆ ఎన్నికల్లోనే చూశాం. 2023 అక్టోబరులో బోర్డు ప్రకటన, 2025 జనవరి 14న సంక్రాంతి రోజున ప్రారంభం, జూన్‌లో నిజామాబాద్‌లో ప్రధాన కార్యాలయం. పోరాడితే వచ్చిన ఫలం ఇది, దాన్ని తక్కువ చేయం. కానీ బోర్డు ఉన్నది వాణిజ్య మంత్రిత్వ శాఖ కింద. దాని పనుల్లో పరిశోధన, నాణ్యత, విలువ జోడింపు, ఎగుమతులు ఉన్నాయి. ధర పడిన రోజు యార్డుకు వచ్చి కొనే బాధ్యత లేదు.

కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో పసుపు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఒకప్పుడు క్వింటాలుకు 6,850 రూపాయలు ప్రకటించింది. దాన్ని మన లెక్కతో పోల్చుకుందాం. విత్తనం, దుక్కి, ఎరువులు, కలుపు, తవ్వకం, ఉడకబెట్టడం, కౌలు, ఇంటివాళ్ళ కష్టం అన్నీ కలిపి ఎకరాకు లక్షా 50 వేలు అయిందనుకుందాం. ఎండు పసుపు 20 క్వింటాళ్ళు వచ్చిందనుకుందాం, అది తక్కువ పంటేమీ కాదు. క్వింటాలు ఖర్చే 7,500. స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు ఖర్చు మీద సగం కలిపితే 11,250. దుంపకుళ్ళు తగిలి 15 క్వింటాళ్ళే వస్తే ఖర్చు 10 వేలు, అడగాల్సిన ధర 15 వేలు. పసుపు రైతులు 15 వేలు అడిగినప్పుడల్లా అత్యాశ అన్నవాళ్ళు ఈ కూడికలూ భాగహారాలూ ఒకసారి చేసి చూడాలి.

1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పసుపుతో గాయాలు మాన్పడం మీద పేటెంటు ఇచ్చారు. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలు చూపించి పోరాడితే 1997లో అది రద్దయింది. పసుపు మనదని నిరూపించడానికి దేశం అంత శ్రద్ధ చూపింది, సంతోషం. ఆ పసుపు పండించేవాడికి ధర చట్టం కోసం అందులో పదో వంతు శ్రద్ధ అడుగుతున్నాం.

పాడేరు ఏజెన్సీ మాట కూడా చెప్పాలి. అక్కడి గిరిజన రైతులు రసాయనాలు దాదాపు లేకుండా నాటు పసుపు పండిస్తారు. సేంద్రియ పసుపు పేరుతో పట్నంలో అంత ధర పలుకుతున్న సరుకు సంతలో వారి చేతి నుంచి కారుచౌకగా పోతోంది. బాయిలరు, కల్లం, సేంద్రియ ధ్రువీకరణ ఖర్చు ప్రభుత్వం భరిస్తే ముందుగా బాగుపడేది వాళ్ళే.

కౌలు రైతులకు వేరే చిక్కు ఉంది. తొమ్మిది నెలల పంట అనేసరికి భూయజమాని ఏడాది కౌలు ముందే అడుగుతాడు. బ్యాంకు అప్పు లేదు, నష్టపోతే పరిహారం పట్టాదారు ఖాతాలో పడుతుంది. ఈసారి పసుపు వేయదలచిన కౌలుదారులు నోటిమాట మీద కాక కాగితం మీద ఒప్పందం రాసుకోవాలి. కౌలు గుర్తింపు కార్డులు ఇచ్చే చోట విత్తే ముందే దరఖాస్తు పెట్టాలి. నిరాకరిస్తే గ్రామ కమిటీకి చెప్పండి, కమిటీలు అధికారుల దగ్గరికి వెంట వెళ్ళాలి.

గ్రామ కమిటీలకు ఈ నెల అప్పగిస్తున్న పని ఒకటుంది. ఊరికి కనీసం ఐదుగురు పసుపు రైతుల చేత, వారిలో ఇద్దరైనా కౌలుదారులు ఉండేలా, విత్తిన రోజు నుంచి ఖర్చు రాయించాలి. విత్తనం ఎన్ని కిలోలు, ఎక్కడిది, ఎంతకు కొన్నారు. ఆడకూలీ ఎంత, మగకూలీ ఎంత, ఇంటివాళ్ళు పనిచేసిన రోజులెన్ని. ఎరువు, మందు, తడులు, బాయిలరు అద్దె, లారీ కిరాయి, హమాలీ, యార్డులో తరుగు పేరిట పోయిన కిలోలు, అప్పు మీద వడ్డీ, అన్నీ తేదీలతో. రైతు చదువుకోకపోతే ఇంట్లో బడికి వెళ్ళే పిల్లల చేత రాయించండి. మార్చిలో సరుకు యార్డుకు వచ్చే లోపు ఆ పుస్తకాల నకళ్ళు జిల్లా కార్యాలయానికి చేరాలి. నిజామాబాద్‌లో ఇప్పుడు బోర్డు కార్యాలయం ఉంది, వాటిని తీసుకెళ్ళి బల్ల మీద పెట్టడానికి చోటు దొరికింది.